వరుసయు న్యాయమును: అమెరికా రైలు కార్మికుల జ్యేష్ఠతా హక్కు చరిత్రము

చెరువు క్రింద వ్యవసాయము చేసినవారికి వంతు అనగా నేమో నేను వివరింపనక్కఱలేదు. అలుగు పాఱుచున్న సంవత్సరమున వంతును గుఱించి యెవ్వరును మాటాడరు. చెరువు అడుగంటినప్పుడే అది జ్ఞాపకమునకు వచ్చును. ఈ రాత్రి నీరెవ్వరిది, రేపటి ప్రొద్దున నెవ్వరిది యని పెద్దలు నిర్ణయింతురు. నీరుగంటి ఆ నిర్ణయము ననుసరించి మడవలు తీయును. ధనబలము గలవానికి వంతు లేకున్నను నీరు చేరవచ్చును. బంధుబలము గలవానికిని చేరవచ్చును. ఈ రెండును లేనివానికి వంతొక్కటియే బలము. అది తప్పిననాడు వాని చేను ఎండును.

నీటికి వంతు ఉన్నట్లే పనికిని వంతు ఉండవలెనని పట్టుపట్టిన జనులు కలరు. వారు అమెరికా సంయుక్త రాష్ట్రముల రైలు కార్మికులు. ముందు కొలువున చేరినవానిది ముందు హక్కు అను నియమమును వారు సీనియారిటీ యందురు. మనము జ్యేష్ఠత యనవచ్చును. కాని యిది వయస్సువలన వచ్చు జ్యేష్ఠత కాదు. కొలువున చేరిన దినమునుబట్టి వచ్చునది. ఇరువది యేండ్లవాడు నేడును, నలువది యేండ్లవాడు రేపును చేరినచో, ఆ కొలువున్నంతకాలము ఇరువది యేండ్లవాడే జ్యేష్ఠుడు. ఈ చిన్న నియమమును నిలుపుకొనుటకు ఆ కార్మికు లెంత పాటుపడిరో, దానిని కాపాడవలసిన సంఘమే యొకప్పుడు కొందఱి విషయమున దాని నెట్లు త్రోసివేసెనో, న్యాయస్థానము దాని కేమి చెప్పెనో నేడు మనవి చేయుదును.

రైలు పని తక్కిన పనులవంటిది కాదు. మిల్లులో పనివారందఱును ఒక గంట మ్రోగగానే వచ్చి, మఱొక గంట మ్రోగగానే పోవుదురు. రైలుబండి రాత్రియనక పగలనక నడువవలెను. పాసింజరు బండి వేళకు బయలుదేఱి వేళకు చేరును. దాని డ్రైవరు తన బిడ్డలతో కూడ భోజనము చేయగలడు. గూడ్సు బండి యెప్పుడు కదలునో, ఏ పక్కదారిలో నెన్ని గంటలు నిలుచునో యెవ్వరును చెప్పలేరు. దాని డ్రైవరు ఒక రాత్రి పరయూర పరుండును, మఱొక రాత్రి పరుండనే పరుండడు. షంటింగు ఇంజనుమీది వాని పని మఱియు కష్టము, రాబడి మఱియు తక్కువ. కావున ఒకే వృత్తిలో నున్నవారికైనను ఒక పనికిని మఱొక పనికిని ఎంతో భేదము కలదు. మంచి పని యెవ్వనికి, చెడ్డ పని యెవ్వనికి అను ప్రశ్న రైలుతోడనే పుట్టినది.

తొలి దినములలో దీనికి సమాధానము పై మేస్త్రీ యిష్టము. ఆయన తన బావమఱదికి మంచి బండి నీయవచ్చును. కానుక తెచ్చినవాని కీయవచ్చును. ఎదురు పలికినవానిని నెలలతరబడి పిలువక మానవచ్చును. ఇట్టి స్థితిలో అచ్చటి కార్మికులు వృత్తికొక సంఘము కట్టుకొనిరి. ఇంజను డ్రైవర్లు 1863లోను, మనము గార్డులని పిలుచు కండక్టర్లు 1868లోను, ఇంజనులో బొగ్గు వేయు ఫైర్‌మన్లు 1873లోను, బ్రేకులు వేయువారు మొదలగువారు 1883లోను సంఘములు స్థాపించుకొనిరి. వీనిలో పెక్కింటికి సోదరసంఘములని పేరు. ఆ కాలమున బ్రేకులు వేయువాడు కదలుచున్న బండిపై కెక్కి చేతితో చక్రము త్రిప్పవలెను. పెట్టెల నడుమ నిలిచి కొలికి తగిలింపవలెను. వ్రేళ్లు పోయినవారును ప్రాణములు పోయినవారును పెక్కుమంది. కావున మరణించిన సభ్యుని కుటుంబమున కింత ధనమిచ్చుట ఆ సంఘముల మొదటి పనులలో నొకటి. పిమ్మట అవి కంపెనీలతో ఒడంబడికలు వ్రాసికొనుట మొదలుపెట్టినవి. ఆ ఒడంబడికలలో కూలి రేటుతో సమానముగా వారు విలువనిచ్చిన నియమము జ్యేష్ఠత.

అది నడచు పద్ధతి వినదగినది. కంపెనీ తన మార్గమును విభాగములుగా ఏర్పఱచును. ఒక్కొక్క విభాగమున ఒక్కొక్క వృత్తికి వేఱువేఱు పట్టిక యుండును. దానిలో పేరును, కొలువున చేరిన తేదియు వరుసగా వ్రాయబడును. ఆ పట్టికను అందఱును చూచునట్లు గోడకు అంటింతురు. తన తేది తప్పుగా పడినదని తోచినవాడు గడువులోపల ఆక్షేపింపవలెను. ఒక పని ఖాళీయైనచో నోటీసు పలకపై ప్రకటింతురు. కోరినవారు చీటి వ్రాసి యిత్తురు. అర్హులలో జ్యేష్ఠునికే ఆ పని. పని తగ్గి యొకని స్థానమును తీసివేసినచో, అతడు తనకంటె వెనుక చేరినవాని స్థానమును తీసికొనవచ్చును. ఆ వెనుకటివాడు ఇంకను వెనుకటివాని స్థానమున కూర్చుండును. ఇట్లు దిగి దిగి కడపట చేరినవాడు ఇంటికి పోవును.

స్థిరమైన బండి లేనివారి పేర్లు మఱొక పలకమీద నుండును. దానిని ఎక్‌స్ట్రా బోర్డు అందురు. ఎవ్వడైన జబ్బుపడినను, అదనపు బండి నడిపినను, ఆ పలకమీద మొదటనున్నవానిని పిలువవలెను. వాడు పోయి వచ్చిన పిమ్మట వాని పేరు అట్టడుగునకు చేరును. టెలిఫోనులు ప్రతి యింటికిని రాని దినములలో పిలుపు కుఱ్ఱవాడొకడు నడిరేయి లాంతరు పట్టుకొని పోయి, తలుపు తట్టి, పుస్తకములో సంతకము చేయించుకొని వచ్చెడివాడు. పిలుపు వచ్చినప్పు డింట లేనివాడు తన వంతు పోగొట్టుకొనెడివాడు. ఎక్‌స్ట్రా బోర్డుమీది వాని భార్యాబిడ్డల జీవితమంతయు ఆ తలుపు చప్పుడుతో ముడివడియుండెనన్నను తప్పు లేదు.

ఇక ఓవర్ టైము సంగతి. 1907లో అమెరికా ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము రైలు నడుపువారిని వరుసగా 16 గంటలకు మించి పని చేయింపరాదని ఆనాడు నియమ ముండెను. పదునాఱు గంటలు చేయింపవచ్చునన్నమాట! నిద్రలేనివాని చేతిలో ఇంజను ఎంత ప్రమాదకరమో చెప్పనక్కఱలేదు. 1916లో డ్రైవర్లు, కండక్టర్లు, ఫైర్‌మన్లు, బ్రేకులవారు నలుగురును ఏకమై, దినమనగా ఎనిమిది గంటలే కావలెననియు, మించిన గంటలకు ఒకటిన్నర రెట్లు కూలి యీయవలెననియు కోరిరి. సెప్టెంబరు 4వ తేదినుండి దేశమంతట బండ్లు నిలుపుదుమనిరి. ప్రెసిడెంటు ఉడ్రో విల్సన్ వెంటనే కాంగ్రెసుచే చట్టము చేయించి సెప్టెంబరు 3న సంతకము చేసెను. అది ఆడమ్‌సన్ చట్టము. ఎనిమిది గంటల దినము దానివలన వచ్చెను. 1917 మార్చిలో సుప్రీము కోర్టు దానిని నిలిపెను. కాని మించిన గంటలకు మామూలు రేటునకు తగ్గకుండ ఈయవలెనని మాత్రమే ఆ చట్టములో నున్నది. ప్రపంచ యుద్ధమునుబట్టి 1917 డిసెంబరునుండి 1920 మార్చివఱకు రైళ్లు ప్రభుత్వపు చేతిలో నుండగా, ఒకటిన్నర రెట్ల కూలి ఆచరణలోనికి వ్యాపించెను.

ఈ హెచ్చుకూలి మొదట కంపెనీకి శిక్షగా నుద్దేశింపబడినది. అధికవ్యయమునకు జంకి పనివానిని వేళకు ఇంటికి పంపునని తలంపు. కాని ఒకనికి శిక్షయైనది మఱొకనికి లాభమయ్యెను. బిడ్డ పెండ్లి యున్నవాడు, అప్పు తీర్పవలసినవాడు ఆదివారపు పిలుపునకు ఎదురు చూచును. అప్పటినుండి ఓవర్ టైము ఎంత యను ప్రశ్నకు తోడుగా ఓవర్ టైము ఎవ్వరికి అను ప్రశ్న వచ్చినది. ఇచ్చటనే జ్యేష్ఠతయు ఓవర్ టైమును కలిసికొన్నవి.

ఈ రెండు సంగతులును గూడి దేశమును కదలించిన సంవత్సరము 1922. రైళ్లను కంపెనీలకు తిరిగి యిచ్చిన 1920వ సంవత్సరపు చట్టముచే రైలు కార్మిక బోర్డు ఏర్పడెను. ఆ బోర్డు 1921లో కారఖానా పనివారికి ఆదివారములందును సెలవు దినములందును లభించుచుండిన హెచ్చుకూలిని తీసివేసెను. మఱుసటి యేడు మెకానిక్కుల కూలిని గంటకు 7 సెంట్లు తగ్గించెను. కంపెనీలు కొన్ని మరమ్మతు పనులను కంట్రాక్టుదారులకు అప్పగించుచుండెను. ఈ మూడు కారణములచేతను 1922 జులై 1న సుమారు 4 లక్షలమంది కారఖానా కార్మికులు పని మానిరి. ఇంజనులను, పెట్టెలను మరమ్మతు చేయువారు వారు.

రెండు దినములు గడచిన పిమ్మట బోర్డు, సమ్మె చేసినవారు ఇక తమ దృష్టిలో ఉద్యోగులు కారనియు, వారి చోట చేరినవారి హక్కులు నిలుచుననియు ప్రకటించెను. కంపెనీలు క్రొత్తవారిని తెచ్చుకొని, మీ తేదియే మీకు రక్షయని మాట యిచ్చినవి. ఇరువది సంవత్సరములు సుత్తిపట్టినవాడు తిరిగి వచ్చినచో, మొన్న జులైలో చేరినవాని వెనుక నిలువవలెనన్నమాట.

జులై నెలాఖరున ప్రెసిడెంటు హార్డింగు మూడు షరతులతో రాజీ ప్రతిపాదించెను. ఉభయులును బోర్డు తీర్పులను అంగీకరింపవలెను. వ్యాజ్యెములను విరమించుకొనవలెను. సమ్మె చేసినవారిని వారి జ్యేష్ఠతకు భంగము లేకుండ తిరిగి తీసికొనవలెను. చూడుడు, కూలి తగ్గింపును సహించుటకు కార్మిక నాయకులు ఒప్పుకొనిరి! కంపెనీల అధిపతులు మొదటి రెండు షరతులను అంగీకరించి మూడవదానిని త్రోసివేసిరి. కూలివద్ద కుదిరిన రాజీ వరుసవద్ద చెడినది.

ఇందు ఉభయపక్షముల వాదమును వినవలెను. ఆపత్కాలమున మాకు తోడ్పడినవారికి మాట యిచ్చితిమి, మాట తప్పజాలమని కంపెనీలవారనిరి. మాట నిలుపుట ధర్మమే. కాని యిచ్చిన వస్తువు ఎవ్వరిదో చూడవలెను గదా! ఇరువదియేండ్ల కొలువుచే ఒకడు సంపాదించుకొన్న స్థానమును ఇంకొకనికి వాగ్దానము చేయుట అత్త సొమ్ము అల్లుడు ధారపోసినట్లున్నది. కార్మికునికి భూమి లేదు, ఇల్లు తాకట్టులో నున్నది. వాని తేదియొక్కటియే వాడు కూడబెట్టిన ఆస్తి. దానిని విడిచి పెరిగిన కూలి తెచ్చుకొన్నను, తగ్గిన కూలికి ఒప్పుకొన్నను, తరువాతి మాంద్యములో మొదట వీధిని పడువాడు వాడే. కావుననే వారు కూలిని వదలుకొనుటకు సిద్ధపడిరి గాని తేదిని వదలుకొనలేదు.

సెప్టెంబరు 1న ప్రభుత్వపు అటార్నీ జనరలు కోరికపై షికాగోలో విల్కర్సన్ అను న్యాయాధిపతి సమ్మెకు నిషేధాజ్ఞ యిచ్చెను. పని మానుమని ఉత్తరముచేగాని తంతిచేగాని నోటిమాటచేగాని యొకరి నొకరు ప్రోత్సహించుటకును వీలు లేకపోయెను. ఆ నెల నడుమ బాల్టిమోరు అండ్ ఒహాయో రైలు అధ్యక్షుడు డేనియల్ విల్లార్డు మొదలగు కొందఱు మధ్యేమార్గమున సంధి చేసికొనిరి. ఆ రైళ్లపై తిరిగివచ్చినవారికి తమలో తమకు వెనుకటి వరుస నిలిచెను. తక్కిన వివాదములను ఉభయపక్షముల సభ్యులు సమసంఖ్యలో గల సంఘమునకు విడిచిరి. సంధికి ఒప్పుకొనని కంపెనీలలో కార్మికులు ఓడిపోయిరి. పెక్కుమంది అట్టడుగున చేరిరి. కొందఱికి పనియే దొరకలేదు.

ఈ సమ్మె నేర్పిన పాఠమువలన 1926లో రైలు కార్మిక చట్టము వచ్చెను. పాత బోర్డు పోయెను. 1934లో చట్టమును సవరించి, ఒడంబడికల అర్థమును గుఱించి వచ్చు తగవులను తీర్చుటకు షికాగోలో ఒక తగవుల బోర్డును స్థాపించిరి. అప్పు డందు 36 మంది సభ్యులు. 18 మంది కంపెనీలవారు, 18 మంది సంఘములవారు. నాలుగు శాఖలు. సభ్యులు సరిసమానముగా చీలినప్పుడు మధ్యవర్తి నొకనిని పిలుచుకొందురు. ఈ బోర్డు ముందునకు వచ్చిన వ్యాజ్యెములలో ఎన్నియో మన దృష్టికి చిన్నవి: ఫలాని శనివారము ఫలానివానిని పిలువక ఫలానివానిని పిలిచిరి.

ఒక ఉదాహరణమును కల్పించి చెప్పుదును. రాత్రి రెండు గంటలవేళ వానకు కట్ట తెగినది. మేస్త్రీ దగ్గఱ నున్న చిన్నవానిని పిలిచి పని చేయించెను. అయిదు మైళ్ల దూరమున నున్న జ్యేష్ఠుడు మఱునాడు ఫిర్యాదు చేసెను. నిజముగా ఆపత్సమయమేనా? జ్యేష్ఠుని పిలుచుటకు ప్రయత్నించిరా? ఎన్ని మాఱులు? వాడు అందుబాటులో నుండెనా? ఒడంబడికలో నున్న మాట యేమి? ఇవి బోర్డు అడుగు ప్రశ్నలు. కంపెనీది తప్పని తేలినచో ఆ రాత్రి కూలిని జ్యేష్ఠునికిని ఈయవలెను. ఇంట నిద్రించినవానికి కూలి యేమని మీకు నవ్వు రావచ్చును. కాని తప్పునకు ఖర్చు లేనిచో నియమము కాగితముమీదనే యుండును. మేస్త్రీ యిష్టము మరల రాజ్యమేలును. ఆ కూలి ఓవర్ టైము రేటున ఈయవలెనా, మామూలు రేటున చాలునా అను విషయమున మధ్యవర్తులు ఏకాభిప్రాయులు కారైరి. హెచ్చు రేటు నిజముగా చెమటోడ్చినవానికే యని కొందఱు. పోగొట్టుకొన్న దెంతయో అంతయు ఈయవలెనని కొందఱు.

మఱొక చిక్కు. 1949లో బండ్లు నడుపనివారికి, అనగా గుమాస్తాలు, తంతివారు, కారఖానావారు, లైనువారు మొదలగువారికి వారమునకు 40 గంటల పని యేర్పడెను. సెలవు దినమున పని తగిలినచో ఎవ్వరిని పిలువవలెను? ఆ పని యే యొక్కరి నియతమైన వంతులోనిదియు గానప్పుడు, ఆ వారము 40 గంటలు నిండని అదనపు మనిషి అందుబాటులో నున్నచో వానికి ఈయవచ్చును. లేనిచో ఆ పనిని నిత్యము చేయువానిదే హక్కు. దీనిని నేను మెచ్చుకొందును. ఆకొన్నవానికి ముద్ద దొరకిన పిమ్మటనే నిండిన విస్తరికి మఱొక వడ్డన యను భావము ఇందు కొంత యున్నది. కేవలము జ్యేష్ఠతయే ధర్మమని వారును అనుకొనలేదు.

ఇంతవఱకు చెప్పినది వరుసలో నిలువ హక్కు గలవారి కథ. ఇక వరుసలో నుండియు గెంటివేయబడినవారి కథ చెప్పవలెను. దీనికి మరల 1940వ సంవత్సరమునకు, అమెరికా దక్షిణ రాష్ట్రములకు పోవలెను.

ఆవిరి యింజనులో బొగ్గు వేయుట వేడి, మసి, నడుము విఱుగు చాకిరి. ఆ ప్రాంతములలో తెల్లవారు రోసి, పెక్కుచోట్ల నల్లజాతివారికి విడిచిన పని యది. నల్లవాడు ఫైర్‌మన్ కావచ్చును గాని, డ్రైవరు కారాదని ఆచారము. ఫైర్‌మన్ల సోదరసంఘములో వానికి సభ్యత్వమును లేదు. కాలక్రమమున బొగ్గును యంత్రముచే వేయు సాధనము వచ్చెను. పిమ్మట డీజిలు ఇంజను వచ్చెను. పని శుభ్రమయ్యెను. 1929 తరువాతి మాంద్యమున ఉద్యోగములు కఱవయ్యెను. రోసిన పనియే కోరదగిన పని యయ్యెను. అప్పుడు ఆ పనిలో, ఆ పట్టికలలో, ఎన్నియో యేండ్ల తేదులతో నల్లవారు ముందున్నారని గుర్తించిరి.

చట్టము ప్రకారము ఒక వృత్తిలో అధికసంఖ్యాకులు ఎన్నుకొన్న సంఘము ఆ వృత్తివారి కందఱికిని ప్రతినిధి. సభ్యులు కానివారికిని అదియే ప్రతినిధి. ఫైర్‌మన్ల సంఘము 1940 మార్చి 28న 21 రైలు కంపెనీలకు నోటీసు ఇచ్చెను. డ్రైవరు పదవికి ఎక్కదగినవారినే ఇకమీద ఫైర్‌మన్లుగా నియమింపవలెనని కోరెను. నల్లవారిని డ్రైవర్లు కానీయనివారే, డ్రైవర్లు కాజాలరు గావున వీరు ఫైర్‌మన్లుగా నుండరాదనిరి. మెట్లు కూల్చినవారే మేడ యెక్కలేదని నేరము మోపినట్లున్నది. 1941 ఫిబ్రవరి 18న కుదిరిన ఒడంబడికలో, ఏ విభాగమునందును నల్లవారు సగమునకు మించరాదనియు, ఆ లెక్క కుదురువఱకు క్రొత్త పనులును ఖాళీలును తెల్లవారికే యనియు వ్రాసికొనిరి. ఎవ్వరి పేర సంతకము చేసిరో ఆ నల్ల ఫైర్‌మన్లకు ఒక్క మాటయైనను చెప్పలేదు.

అలబామాలో లూయివిల్ అండ్ నాష్‌విల్ రైలుమీద బెస్టర్ విలియం స్టీల్ అను నల్లజాతి ఫైర్‌మన్ ఉండెను. ఆయన పాసింజరు బండ్ల జట్టులో పనిచేయుచుండెను. ఆ జట్టులో అయిదుగురు నల్లవారు, ఒక్కడు తెల్లవాడు. 1941 ఏప్రిలులో ఆ జట్టు నడుపు మైళ్లు తగ్గినవని చెప్పి, స్థానములన్నియు ఖాళీయైనవని ప్రకటించిరి. నల్లవారి నందఱిని తొలగించి, నలుగురు తెల్లవారిని పెట్టిరి. ఆ నలుగురును తేదిలో స్టీలునకు వెనుకటివారే. ఆయనకు పదునాఱు దినములు పని లేదు. పిమ్మట లోకలు గూడ్సు బండి యిచ్చిరి. పని ఎక్కువ, గంటలు ఎక్కువ, కూలి తక్కువ. దానినుండియు మఱొక వెనుకటివానికొఱకు తొలగించి షంటింగు ఇంజను మీదికి పంపిరి. ఆయన వ్యాజ్యెము వేసిన పిమ్మట 1942 జనవరి 3న మరల పాసింజరు పని యిచ్చిరి.

స్టీలు అడిగినది విశేషమైన దయ కాదు. నా తేదిని మన్నింపుడని మాత్రమే. అలబామా న్యాయస్థానములు ఆయనకు విరుద్ధముగా తీర్పు చెప్పినవి. సుప్రీము కోర్టులో ఆయన పక్షమున వాదించినవాడు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్. ఈయన హోవార్డు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమును బోధించినవాడు. 1967లో ఆ దేశపు సుప్రీము కోర్టునకు తొలి నల్లజాతి న్యాయమూర్తియైన తర్‌గుడ్ మార్షల్ ఈయన శిష్యుడు. బడిపంతులుగా జీవితము గడపిన నాకు ఆ గురుశిష్యుల పేర్లను ఒకచోట చెప్పుకొనుట సంతోషము.

1944 డిసెంబరు 18న ప్రధాన న్యాయమూర్తి స్టోన్ తీర్పు చెప్పెను. ఒక సంఘమునకు అందఱి పక్షమున మాటాడు అధికారమును చట్టము ఇచ్చినప్పుడు, ఆ అధికారము శాసనసభ అధికారమువంటిది. దానితోడనే అందఱిపట్లను, సభ్యులు కానివారిపట్లను, పక్షపాతము లేకుండ వర్తింపవలసిన బాధ్యతయు వచ్చినది. కొలువుకాలము, సామర్థ్యము, పని స్వభావము మొదలగు సంబంధించిన భేదములను పాటింపవచ్చును. జాతిని బట్టి మాత్రము భేదము చూపరాదు. షికాగో తగవుల బోర్డునకు పొమ్మనుటయు న్యాయము కాదనెను. ఏలనన అందలి కార్మిక సభ్యులు ఏ సంఘములపై ఫిర్యాదో ఆ సంఘముల వారే గదా!

ఆ తీర్పుతో కథ ముగియలేదు. నల్లవారిని సభ్యులుగా చేర్చుకొనుమని కోర్టు ఆజ్ఞాపింపలేదు. తమ కూలిని, తమ వరుసను నిర్ణయించు సభలో వారికి ఓటు లేదు. 1952లో మఱొక వ్యాజ్యెము: పోర్టర్లను పేరుతో బ్రేకులవారి పనినే చేయుచుండిన నల్లవారిని తొలగింపజూడగా సుప్రీము కోర్టు అడ్డుకొనెను. 1957లో మఱొకటి: టెక్సాసు రాష్ట్రమున 1954లో 45 స్థానములు రద్దయినవని చెప్పి, నల్లవారిని తీసివేసి, ఆ స్థానములలోనే తెల్లవారిని పెట్టిరనియు, తిరిగి తీసికొన్న కొలదిమందికి పాత తేది పోయినదనియు ఫిర్యాదు. ఆ ఫిర్యాదును విచారింపవలసినదేయని సుప్రీము కోర్టు చెప్పెను. కడకు 1964వ సంవత్సరపు పౌరహక్కుల చట్టము, జాతిని బట్టి ఉద్యోగము నిరాకరించుటను, సంఘములనుండి వెలివేయుటను నిషేధించెను.

అప్పుడు కడపటి చిక్కు బయటపడెను. నిన్నటివఱకు తలుపు మూసియుంచి నేడు తెఱచినచో, లోనికి వచ్చినవాని తేది నేటిదే యగును. నిజాయితీగా వ్రాసిన పట్టికయే పాత అన్యాయమును మోసికొనివచ్చును. లారీ రవాణా కంపెనీల వ్యాజ్యెములలో సుప్రీము కోర్టు దీనిని విచారించెను. చట్టము వచ్చిన పిమ్మట అన్యాయముగా పని నిరాకరింపబడినవానికి వెనుకటి తేది నీయవచ్చునని 1976లోను, చట్టమునకు పూర్వపు అన్యాయముమాత్రమే కారణముగా సద్భావముతో ఏర్పడిన జ్యేష్ఠతా పద్ధతిని కొట్టివేయరాదని 1977లోను చెప్పెను. మొదటిదానివలన కొందఱికి పోయిన తేది తిరిగి వచ్చినది. రెండవదానివలన వారి తండ్రుల తరమువారికి రాలేదు.

వరుస మనుష్యుని మంచితనముపై నాధారపడనీయక పేదవానిని కాపాడును. అందుచేతనే 1922లో ఆ కార్మికులు కూలిని విడిచియు దానిని పట్టుకొనిరి. కాని వరుసను కాచువాడు ఎవ్వరినైన దానినుండి త్రోసివేసినప్పుడు, మిగిలినవారికి అది హక్కుగాక ప్రత్యేకలాభముగా మాఱును. మన గ్రామములలోను బావివద్ద కొందఱిని వరుసలో నిలువనీయక, ఎవరో పోయునంతవఱకు దూరమున కుండలతో కూర్చుండబెట్టిన దినములు పెద్దలైన మీరెఱుగనివి కావు. ఆ బావివద్దను వరుస తప్పలేదనియే నిలిచినవారు చెప్పుకొనియుందురు.

కావున మీ యూర నీటి సంఘములోగాని, సహకార సంఘములోగాని, చౌక ధరల దుకాణమువద్దగాని వంతును నిర్ణయించుటకు మీరు కూర్చుండినప్పుడు, పట్టిక సరిగా చదివిరా యని అడుగుటతో తృప్తిపడవలదని కోరుచున్నాను. అందు వ్రాయబడని పేరెవ్వరిదో, ఏల వ్రాయబడలేదో యదికూడ అడుగుడు.